విప్పితే తిరిగి బిగిసే సైకిళ్ళు

పాత సైకిళ్ళు పోగేసేవాళ్ళ దగ్గర మూడు కొలతలుంటాయి. ఏ ఏడాదిది, ఎంత అరుదు, ఎంత పలుకుతుంది. కొనేటప్పుడు ఈ మూడూ బాగానే పనికొస్తాయి. మెట్ల కింద, డాబా మీది రేకుల షెడ్డులో, చివరికి ధాన్యం గదిలో కూడా హ్యాండిళ్ళు ఒకదానిలో ఒకటి చిక్కుకుని, ఒకటి లాగితే మూడు కదిలే స్థితి వచ్చాక మాత్రం ఆ కొలతలు చేతులెత్తేస్తాయి. అరుదైనది ఉంచుకుందామంటే అన్నీ ఏదో ఒక రకంగా అరుదైనవే. పాతది ఉంచుకుందామంటే అన్నీ పాతవే. నా సైకిళ్ళను సగానికి తగ్గించాలని కూర్చున్నప్పుడు నాలుగో కొలత ఒకటి కావలసి వచ్చింది. అది మా కాకినాడలో జీవితమంతా సైకిళ్ళు బాగుచేసిన ఒక పెద్ద మేస్త్రి దగ్గర దొరికింది. "విప్పి చూడండి మాస్టారూ. విప్పింది మళ్ళీ మొదట్లాగే బిగిసిందనుకోండి, చేసినవాడు పనోడని. అలాంటిది ఉంచుకోండి" అన్నాడాయన.

ఆ మాట పట్టుకుని ఒక్కో బండినే విప్పుతూ వచ్చాను. కొన్నేళ్ళుగా ఇంట్లో ఉన్నవే అయినా, లోపలిదాకా చూడడం అదే మొదలు. ఇక్కడ రాస్తున్నది అలా విప్పినప్పుడు కనబడిన పనితనం గురించి.

ఇవన్నీ గోదావరి జిల్లాల్లో తిరిగిన బండ్లే. స్వాతంత్ర్యానికి ముందు మన ఊళ్ళకు మంచి సైకిలంటే ఇంగ్లండు నుంచి రావలసిందే. నాటింగ్‌హామ్ నుంచి రాలీ, హంబర్. బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల నుంచి బి.ఎస్.ఎ., హెర్క్యులిస్, ఫిలిప్స్. కోవెంట్రీ నుంచి రడ్జ్. మునసబులు, కరణాలు, బడిపంతుళ్ళు, ఎల్.ఎం.పి. డాక్టర్లు కాలవగట్ల మీద తిరిగింది వీటి మీదే. ఆ ఇళ్ళలో మోటారు సైకిలు వచ్చాక ఇవి సావిట్లోకీ, అక్కడినుంచి గొడ్లపాకలోకీ వెళ్ళాయి. ఉప్పుగాలికి పైనంతా తుప్పెక్కినా, లోపల నూనె ఉన్నచోట ఉక్కు నిన్న కోసినట్టు తెల్లగా ఉంది.

ఫ్రేములో ముందు చూడవలసింది గొట్టాలు కలిసే చోటు. హ్యాండిల్ కింద, సీటు కింద, పెడళ్ళ మధ్య గొట్టాలు ఒకదానికొకటి నేరుగా అతికి ఉండవు. రెండూ ఒక ఉక్కు తొడుగులోకి దూరతాయి. దాన్ని లగ్గు అంటారు. గొట్టానికీ లగ్గుకీ మధ్య సందు మిల్లీమీటరులో పదోవంతు. అతికేవాడు అక్కడ వెలిగారం పూసి, మంటతో ఎర్రగా కాల్చి, ఇత్తడి కడ్డీని అంచుకు తాకిస్తాడు. ఇత్తడి సుమారు 900 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఉక్కు కరగాలంటే 1,500 డిగ్రీల దాకా పోవాలి. ఈ రెంటికీ మధ్య ఉన్న ఎడంలోనే పనంతా. కరిగిన ఇత్తడి ఆ సన్నని సందులోకి తనంతట తానే పాకుతుంది, వేడి ఎటుంటే అటు వెళుతుంది. కాబట్టి పనివాడు ఇత్తడిని ఒక అంచున పెట్టి మంటను రెండో అంచువైపు నడిపిస్తాడు. అవతల సన్నని పసుపు గీత తేలితే లోపలంతా నిండినట్టు. మన కంసాలి నగకు మాటు పెట్టేదీ ఇదే పద్ధతిలో, ఇదే వెలిగారంతో.

వేడి చాలకపోతే ఇత్తడి సగంలో ఆగిపోయి లోపల బోలు మిగులుతుంది. ఎక్కువైతే ఇత్తడిలోని జింకు తెల్లటి పొగై పోతుంది, ఉక్కు బలం తగ్గుతుంది. ఈ రెంటిలో ఏది జరిగినా పైకి తెలియదు, రంగు కప్పేస్తుంది. తెలిసేది పదేళ్ళ తర్వాత, గోతిలో చక్రం పడ్డప్పుడు. కొలిమి దగ్గర నిలబడ్డ మనిషికి ఉష్ణమాపకం లేదు. లోహం రంగు చూసి, వెలిగారం నీరులా పారే క్షణం చూసి చెయ్యాలి. పెద్ద ఫ్యాక్టరీలలో కీలును ఏకంగా కరిగిన ఇత్తడి తొట్టిలో ముంచి తీసే పద్ధతీ ఉండేది. అక్కడా ఎంతసేపు ముంచాలన్నది మనిషి కన్నే చెప్పాలి. నా దగ్గరున్న ఒక రాలీ ఫ్రేములో రంగు రాలిపోయిన లగ్గు అంచు వెంట ఆ పసుపు గీత చుట్టూతా ఎక్కడా తెగకుండా కనబడుతుంది. దాన్ని అతికినవాడి పేరు ఎవరికీ తెలియదు. మాపటేళ ఎన్నో ఫ్రేము అతుకుతున్నాడో తెలియదు. గీత మాత్రం సన్నబడలేదు, లావెక్కలేదు.

లగ్గు చివర ఎలా ముగిసిందో కూడా చూడాలి. మొద్దుగా, అడ్డంగా కోసి వదిలేస్తే బరువంతా ఆ అంచు దగ్గరే పడి గొట్టం అక్కడే పగులుతుంది. తెలిసినవాడు దాన్ని తమలపాకు కొసలా సన్నగా దించి, ఆకురాయితో రాసి, గొట్టంలో కలిసిపోయేట్టు ముగిస్తాడు. అందానికి చేశాడనిపిస్తుంది, నిజానికి బలానికి చేసిన పని. అందం దాని వెంట వచ్చింది. ఈ కళను చివరికంటా తీసుకువెళ్ళింది లండన్‌లో టాటెన్‌హామ్‌కు చెందిన హెచిన్స్ కంపెనీ. రష్యా నుంచి వచ్చిన హైమన్ హెచిన్ దుకాణంలో జాక్ డెన్నీ అనే పనివాడు లగ్గులను పూలతీగల్లా చెక్కేవాడు, వెనక గొట్టాలను వంపు తిప్పేవాడు. నా దగ్గర హెచిన్స్ లేదు. ఉంటే ఎక్కడానికి మనసొప్పేది కాదేమో. గట్టు మీద తిరిగిన రాలీ లగ్గుకున్న కొద్దిపాటి వంపే నాకు చాలు.

గొట్టం లోపలా పనితనం ఉంటుంది. బర్మింగ్‌హామ్‌లో మేకులు చేసుకునే కుటుంబం నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ రెనాల్డ్స్, తన సహచరుడు హ్యూవిట్‌తో కలిసి 1897లో ఒక పేటెంటు తీసుకున్నాడు. గొట్టం బయటి చుట్టుకొలత అంతటా ఒకటే. లోపల మాత్రం కీలు పడే రెండు చివర్లా గోడ మందంగా, మధ్యలో పల్చగా ఉంటుంది. వేడీ బరువూ పడేది చివర్లలో గనక ఇనుము అక్కడుంటే చాలన్నది ఆలోచన. 1935లో ఆ కంపెనీ విడుదల చేసిన 531 గొట్టం పందెపు సైకిళ్ళకు దశాబ్దాలపాటు కొలమానమై నిలిచింది. మన ఊళ్ళలో తిరిగిన బరువైన బండ్లకు అది వాడలేదు, వాటిది మామూలు ఉక్కు గొట్టమే. అయినా వేలితో తట్టి చూస్తే మధ్యలో ఒక శబ్దం, చివర ఒక శబ్దం వచ్చే ఫ్రేమును ఒక్కసారి పట్టుకున్న చేయి ఆ తేడాను మరిచిపోదు.

ఈ మొదటి పరీక్షలోనే కొన్ని బండ్లు పక్కకు వెళ్ళాయి. కొత్త రంగుతో ధగధగలాడే ఒక సైకిలు మా ఇంటికి వచ్చినవాళ్ళందరికీ నచ్చేది. గీకి చూస్తే కీళ్ళ దగ్గర లప్పం. కింద విరిగిన చోట ఎవరో ముద్దగా వెల్డింగ్ చేసి, లప్పంతో నున్నగా మెత్తి, పైన రంగు కొట్టారు. లగ్గు అంచు ఎక్కడుందో కనబడదు. దాన్ని విప్పలేం, మళ్ళీ బిగించలేం. అది వెళ్ళిపోయింది. రంగంతా పోయి ఎర్రగా నిలబడ్డ దాని పక్క బండి ఉండిపోయింది.

హంబర్ ముందు ఫోర్కు దగ్గర చాలాసేపు ఆగాను. మామూలు సైకిలుకు చక్రానికి అటొక గొట్టం, ఇటొక గొట్టం ఉంటాయి. హంబర్‌కు అటు రెండు, ఇటు రెండు. సన్నని గొట్టాలు జంటగా పైన కిరీటం నుంచి కింద ఇరుసు దాకా దిగుతాయి. 1932లో రాలీ కంపెనీ హంబర్ సైకిళ్ళను కొనేశాక కూడా ఈ జంట ఫోర్కును తీసేయలేదు. ఫ్యాక్టరీ లెక్కల మనిషిని అడిగితే వద్దనే చెబుతాడు. గొట్టాలు రెట్టింపు, కీళ్ళు రెట్టింపు, వంచేటప్పుడు జంటలో రెండూ ఒకే వంపు తిరగాలి, నాలుగూ ఒకే పొడవుకు రావాలి. ఒక్కటి అరమిల్లీమీటరు తేడా వచ్చినా చక్రం పక్కకు ఒరుగుతుంది. నా దగ్గరున్న హంబర్ చక్రం తీసి, ఫోర్కు కొసల మధ్య దారం లాగి చూశాను. నాలుగు గొట్టాలూ దారానికి సమంగా నిలిచాయి. ఎవరి పెరట్లోనో ఏళ్ళకేళ్ళు వానకు నానిన ఇనుము అది. ఇక దాన్ని వదులుకోవడం గురించి ఆలోచించలేదు.

ఆ బండికే చైను చక్రంలో ఐదుగురు చిన్న మనుషుల బొమ్మలుంటాయి. బి.ఎస్.ఎ.కి ఆ మూడు అక్షరాలే ఉంటాయి. రాలీకి కొంగ తలలు, రడ్జ్‌కి అరచేయి. చిన్నప్పుడు ఈ బొమ్మలు చూసే బండి ఎవరిదో చెప్పేవాళ్ళం. ఇప్పుడు విప్పి బల్ల మీద పెట్టుకుంటే ఇంకో సంగతి తెలిసింది. ఆ బొమ్మలు అలంకారం కోసం అతికించినవి కావు, చక్రం ఆకులే అవి. కాలితో తొక్కిన బలమంతా మధ్య నుంచి పళ్ళ దాకా వెళ్ళేది ఆ మనుషుల కాళ్ళలోంచీ, ఆ అక్షరాల గీతల్లోంచీ. బి.ఎస్.ఎ. అక్షరాలను గీసినవాడు చదవడానికి బాగుంటే చాలనుకోలేదు. ఏ అక్షరం ఏ చోట లావుగా ఉండాలి, వంపు ఎంత గుండ్రంగా ఉండాలి, పగులు రాకుండా మూల ఎక్కడ నింపాలి, అన్నీ చూసుకున్నాడు. వాణిజ్య చిహ్నం బరువు మోయడం నేను ఇంకెక్కడా చూడలేదు.

బి.ఎస్.ఎ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకులు చేసేవాళ్ళు కలిసి పెట్టుకున్న కంపెనీ. బండి ముందు బిళ్ళ మీద ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులుంటాయి. తుపాకి పనిలో ఒక తుపాకి ముక్క ఇంకో తుపాకికి సరిపోవాలి, యుద్ధంలో ఆకురాయి పట్టుకుని కూర్చునే తీరిక ఉండదు. ఆ క్రమశిక్షణే సైకిలు విడిభాగాల్లోకి వచ్చింది. పెడళ్ళ ఇరుసును పట్టి ఉంచే కప్పులకు అంగుళానికి 24 మరల చొప్పున వాళ్ళు వాడిన కొలత తర్వాత ప్రపంచమంతా పాకింది. ఇవాళ్టి ఖరీదైన సైకిళ్ళలోనూ ఆ మరను బి.ఎస్.ఎ. మర అనే పిలుస్తారు. కుడివైపు కప్పుకు మర తిరగేసి ఉంటుంది, ఎడమకు తిప్పితే బిగుస్తుంది. తొక్కేటప్పుడు బాల్సు దొర్లే తీరుకు కుడి కప్పు మెల్లమెల్లగా ఊడిపోయే వీలుంది కాబట్టి ఆ ఏర్పాటు. రాలీ మాత్రం తన దారి తనదంటూ అంగుళానికి 26 మరలు పెట్టుకుంది. అందుకే రాలీ కప్పు పోతే పక్క బండి కప్పు పట్టదు. నాకు ఇది నచ్చదు. రాలీ ఎంత గొప్ప కంపెనీ అయినా, ఈ ఒక్క చోట బాగుచేసేవాడి వైపు నిలబడలేదు.

బాగుచేసేవాడి వైపు పూర్తిగా నిలబడిన వస్తువు ఏదని అడిగితే స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు పేరు చెబుతాను. నాటింగ్‌హామ్‌లో రాలీ అధిపతి ఫ్రాంక్ బోడెన్ 1902లో ఈ మూడు గేర్ల హక్కులు సంపాదించాడు. హబ్బు మీద హెన్రీ స్టర్మీ, జేమ్స్ ఆర్చర్ పేర్లున్నాయి. అసలు రూపకల్పన చేసింది విలియం రీలీ అనే ఇంజనీరని సైకిలు చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. పాత ఒప్పందంతో చేతులు కట్టేసి ఉండడంతో అతని పేరు బయటికి రాలేదు. 1936లో వచ్చిన ఎ.డబ్ల్యు. రకం ఇంచుమించు అదే రూపంలో దశాబ్దాలపాటు తయారైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి హబ్బుల మీద ఏడాదీ నెలా చెక్కి ఉంటాయి. 54, దాని పక్కన 3 అని ఉంటే 1954 మార్చి. పాత బండి వయసు తెలుసుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదు. అయితే చక్రం మార్చారేమో చూసుకోవాలి.

లోపల ఉన్నది చూస్తే గుండె నిండుతుంది. ఇరుసుకు కదలకుండా ఒక 20 పళ్ళ చక్రం ఉంటుంది, దాన్ని సూర్యచక్రం అంటారు. దాని చుట్టూ తిరిగే గ్రహచక్రాలు నాలుగు, వాటికీ ఇరవయ్యేసి పళ్ళు. ఆ నాలుగింటినీ ఒక పంజరం పట్టి ఉంచుతుంది. వాటిని బయటి నుంచి చుట్టిన వలయానికి లోపలివైపు 60 పళ్ళు. ఇక లెక్కంతా ఈ పళ్ళలోనే ఉంది. మధ్య గేరులో చైను వలయాన్ని తిప్పుతుంది, వలయమే చక్రాన్ని తిప్పుతుంది, ఎంతకు అంతే. పెద్ద గేరులో చైను పంజరాన్ని తిప్పుతుంది, వలయం చక్రాన్ని తిప్పుతుంది. అక్కడ మూడు చుట్లకు చక్రం నాలుగు చుట్లు తిరుగుతుంది. చిన్న గేరులో తిరగేసి, చైను వలయానికి, పంజరం చక్రానికి. నాలుగు చుట్లకు మూడే, వంతెన ఎక్కేటప్పుడు కాళ్ళకు సుఖం. ఈ మూడింటి మధ్య మార్చేది శిలువ ఆకారంలో ఉన్న ఒకే ఒక్క చిన్న క్లచ్చు. బోలు ఇరుసులోంచి వచ్చే సన్నని గొలుసు లాగినకొద్దీ అది పక్కకు జరుగుతూ ముందు పంజరాన్నీ, తర్వాత వలయాన్నీ పట్టుకుంటుంది. ఇంకా లాగితే వలయం నుంచి చక్రాన్ని పట్టే చిన్న నాలుకలను లోపలికి వంచేస్తుంది. తీగ తెగినా ప్రమాదం లేదు, స్ప్రింగు దాన్ని పెద్ద గేరులో నిలబెడుతుంది. ఆ గేరులో ఇంటికి చేరొచ్చు.

చెవితో కూడా దీన్ని చదవొచ్చు. మధ్య గేరులో, పెద్ద గేరులో తొక్కుతుంటే టిక్కుటిక్కుమని చప్పుడు వస్తుంది. చిన్న గేరు నాలుకలు పని లేక పళ్ళ మీద జారుతున్న చప్పుడది. చిన్న గేరు వేయగానే నిశ్శబ్దం. చీకట్లో గట్టు మీద వస్తున్న డాక్టరుగారు ఏ గేరులో ఉన్నారో ఇంట్లోవాళ్ళు చెప్పగలిగేంత స్పష్టం.

దాన్ని విప్పడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. రెండు పానాలు, ఒక పంచు, సుత్తి. ఎడమవైపు బాల్సును బిగించి ఉంచే కోను తీసి, కుడివైపు బాల్ రింగును సుత్తితో తడితే అది తిరిగి వస్తుంది, లోపలి యంత్రమంతా ఒకే ముక్కగా చేతిలోకి వచ్చేస్తుంది. చక్రం ఊచలు ఒక్కటీ విప్పక్కర్లేదు. బాల్ రింగు మరకు మొదళ్ళు రెండుంటాయి. తీసేముందు రింగు మీదా హబ్బు మీదా ఎదురెదురుగా గుర్తు పెట్టుకోవాలి. లేకపోతే రెండో మొదల్లో ఎక్కి చక్రం వెనక గొట్టాల నడిమికి రాదు. బిగించేటప్పుడు కుడి కోనును వేళ్ళతో బిగిసేదాకా తిప్పి, అరచుట్టు వెనక్కి తీసి అక్కడే తాళం వేయాలి. మిగతా సర్దుబాటంతా ఎడమ కోను దగ్గర. ఆ సర్దుబాటు తర్వాత చక్రం పట్టుకుని ఊపితే అంచు దగ్గర నూలుపోగంత ఆట ఉండాలి. అంతకంటే బిగువు కూడదు.

హబ్బు మీద చిన్న మూత ఉంటుంది, నూనె పోయడానికి. అక్కడ సన్నని మిషను నూనె కొన్ని చుక్కలు పడుతుంటే చాలు. నేను విప్పినవాటిలో చెడిపోయిన హబ్బులన్నిటికీ కారణం ఒక్కటే. ఎవరో వంటనూనె పోశారు, అది జిగురుకట్టి నాలుకలను కదలనీయలేదు. కిరోసిన్‌లో నానబెట్టి, కుంచెతో కడిగి, మళ్ళీ బిగిస్తే ఒక్క పన్ను కూడా అరిగి లేదు. మా మేస్త్రి ఒక గ్రహచక్రాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, "దీన్ని చేసినోడు మనం విప్పుతామని ముందే అనుకున్నాడండి" అన్నాడు. నేను ఇన్ని పేజీల్లో చెప్పాలనుకుంటున్నది ఆయన ఒక్క ముక్కలో అనేశాడు.

రంగు గురించి ఒక మాట. నా దగ్గరికి వచ్చిన సన్‌బీమ్ ఒక్కటే. వోల్వర్‌హాంప్టన్‌లో జాన్ మార్‌స్టన్ సైకిళ్ళు మొదలుపెట్టకముందు రేకు పళ్ళేలకు నల్ల వార్నిషు వేసే పని చేయించేవాడు. పూత వేసి, కొలిమిలో ఎండబెట్టి, నున్నగా రుద్ది, మళ్ళీ పూత వేసే పని అది. 1887లో సైకిళ్ళు మొదలెట్టినప్పుడు అదే నలుపును ఫ్రేములకు తెచ్చాడు. చైను పూర్తిగా మూసిన కవరులో, నూనెలో నడుస్తుంది, దుమ్మన్నది దానికి తెలియదు. సంగీతకర్త ఎడ్వర్డ్ ఎల్గార్ తన సన్‌బీమ్‌కు మిస్టర్ ఫీబస్ అని పేరు పెట్టుకున్నాడు. నా బండి నలుపు ఇప్పటికీ లోతుగా ఉంది. దాని మీద బంగారు గీతలు చేత్తో గీసినవే. పొడవాటి వెంట్రుకల కుంచె గొట్టం మీద ఆనిన చోట గీత కాస్త నిండుగా మొదలై, ఎత్తిన చోట పల్చబడుతుంది. కొత్త రంగు వేయిస్తే ముందు పోయేది ఇదే. పాత రంగు మూడొంతులు పోయినా మిగిలిన వంతు కోసం బండిని అలాగే ఉంచాలని గట్టిగా నమ్ముతాను. నీళ్ళలో తడిపిన గుడ్డ, కాస్త మైనం, అంతే చెయ్యాలి.

సీట్ల సంగతి క్లుప్తంగా. బ్రూక్స్ తోలు సీటును తడిపి అచ్చు మీద సాగదీసి, ఆరాక రాగి రివిట్లతో కొడతారు. ముందున్న నట్టు తిప్పితే వదులైన తోలు మళ్ళీ బిగుస్తుంది. మన వానాకాలం దానికి శత్రువు, బూజు పడుతుంది. వాడే సీటుకు పట్టదు, దాచిన సీటుకే పడుతుంది.

ఇంగ్లండులో ఈ కాలపు బండికి టైరు వెతుక్కోవలసి వస్తుంది. మనకు ఆ బాధ లేదు. 28 అంగుళాలకు ఒకటిన్నర టైరు, రాడ్డు బ్రేకు రబ్బర్లు, పెడలు కాడను ఇరుసుకు బిగించే కాటరు పిన్నులు, ఇవాళ కూడా ఏ మండల కేంద్రంలోనైనా సైకిలు కొట్లో అడిగితే తీసిస్తారు. కారణం, ఆ నమూనాను మనవాళ్ళు వదల్లేదు. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ మొదలై హెర్క్యులిస్ ఇక్కడే తయారైంది. ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ వచ్చింది. సోనీపత్‌లో 1951లో అట్లాస్, లుధియానాలో 1956లో హీరో. నాటింగ్‌హామ్ మరిచిపోయిన కొలతలు లుధియానా గుర్తుపెట్టుకుంది. 1930ల నాటి రడ్జ్‌కు కొత్త టైరు వేయించుకుని అదే రోజు తొక్కుకుంటూ ఇంటికి రాగలగడం ఈ నేల మీదే సాధ్యం.

అందుకే సేన్-రాలీని ఉంచుకున్నాను. దాన్ని ఇంగ్లండు రాలీ పక్కన పెట్టి చూస్తే లగ్గు అంచు కాస్త మందంగా ఉంది, గీతలు కాస్త వెడల్పుగా ఉన్నాయి. కానీ కీలు చుట్టూ ఆ పసుపు గీత అంతే నిండుగా ఉంది. ఆసన్‌సోల్ ఫ్యాక్టరీ తర్వాత ప్రభుత్వం చేతికి వెళ్ళి సైకిల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అయింది, ఆ తర్వాత మూతపడింది. పాత బండ్ల బజారులో దీనికి విలువ కట్టరు. ఇంగ్లండు బిళ్ళ ఉంటేనే ధర. ఈ లెక్క నాకు అన్యాయంగా తోస్తుంది. కొత్తగా నేర్చుకున్న చేతులు అంత నికరంగా అతికాయంటే దానికే ఎక్కువ ఇవ్వాలి.

ఇక వెళ్ళినవాటి గురించి. హెర్క్యులిస్‌లు నాలుగైదు ఒకే రకానివి పోగయ్యాయి. వాటిలో బాగున్నదొకటి ఉంచుకుని మిగతావి రోజూ తొక్కేవాళ్ళకే ఇచ్చాను. గోడకు తగిలించే హోటళ్ళవాళ్ళు ఎక్కువ ఇస్తామన్నారు, ఇవ్వలేదు. చక్రం ఒకచోటిది, ఫ్రేము ఒకచోటిదిగా కూడిన బండ్లను మేస్త్రి కొట్టుకు పంపాను. అవి విడిభాగాలుగా ఇంకా చాలా బండ్లను బతికిస్తాయి. రడ్జ్ ఒకటి మాత్రం పంపు, దీపం, చైను కవరుతో సహా పుట్టినప్పటి సరంజామా మొత్తంతో ఉంది. దాన్ని విడగొట్టి అమ్మితే రెట్టింపు వస్తుందని అందరూ చెప్పారు. అలా విడిపోయినవి మళ్ళీ ఒకచోట చేరడం ఎప్పుడూ జరగదు. దాన్ని పూణేలో విక్రమ్ పెండ్సే 2017లో తెరిచిన సైకిలు మ్యూజియం లాంటి చోటికే పంపాలని మొదట అనుకున్నాను. చివరికి రాజమండ్రి నుంచి ఒక కుర్రాడు వచ్చి, దీపం బుడ్డి మూత తెరిచి, వాసన చూసి, "ఇది వెలిగించొచ్చాండి మాస్టారూ?" అని అడిగాడు. వెలిగించొచ్చని చెప్పి మొత్తం అతనికే ఇచ్చాను.

ప్రతి బండితోనూ ఒక సంచీ, ఒక కాగితం వెళ్ళాయి. సంచీలో విప్పినప్పుడు మార్చిన పాత బాల్సు, అరిగిన కోను, ఏది ఎక్కడిదో రాసిన చీటీలు. కాగితం మీద ఆ బండికి మాత్రమే పనికొచ్చే మాటలు. కుడి కప్పు మర ఎటు తిరుగుతుందో, అంగుళానికి ఎన్ని మరలో. హబ్బు మీది ఏడాది, నెల. నూనె మూత ఎక్కడుందో, ఏ నూనె పోయకూడదో. కాటరు పిన్ను తీసేటప్పుడు నట్టు చివరిదాకా విప్పకుండా మరను కాపాడుకోవాలని, క్రాంకు కింద ఇనుప గొట్టం నేలకు ఆనించి ఆసరా పెట్టాకే సుత్తి దెబ్బ వేయాలని, లేకపోతే ఆ దెబ్బ బాల్సు మీద పడుతుందని. కొత్త పిన్నును రెండోవైపు పిన్నుకు ఎదురుగా ఎక్కించి, పెడళ్ళు ఒక గీతలోకి వచ్చేదాకా ఆకురాయితో కొద్దికొద్దిగా రాసుకోవాలని.